కొంగుముడిలో నాలుగు ఎంటర్లు

రెండువేల ఒకటో సంవత్సరం సెప్టెంబరులో ఒక ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, పేట పెద్ద పైడయ్య కొత్త పంచె మీద గ్లాసెడు నిమ్మసోడా పడింది. పోసినావిడ టైపు టీచరు కామేశ్వరి. ఆవిడకు పైడయ్య మీద కోపమేమీ లేదు. అప్పటికి ఇద్దరికీ పరిచయమై ముప్పావుగంట అయింది.

పూర్ణా మార్కెట్ దాటి సముద్రం వైపు దిగితే వచ్చే జాలర్ల పేటలో ఒక కమ్యూనిటీ హాలుంది. ఆ హాల్లోకి ఆ రోజు నాలుగు కంప్యూటర్లు వచ్చాయి. పోర్టు దగ్గర ఏదో కంపెనీ కొత్తవి కొనుక్కుని, పాతవాటిని పేట యువజన సంఘానికి ఇచ్చేసింది. వాటిలో రెండు బాగానే పనిచేసేవి. మూడోది నెత్తిన ఒకటిస్తే పనిచేసేది. నాలుగోది తనకు తోచినప్పుడు పనిచేసేది. కొబ్బరికాయ కొట్టాక, ఏదో ఒకటి టైపు చేసి చూపించమని టీచరుగారిని కూర్చోబెట్టారు. ఎడమపక్కన పైడయ్య సోడా గ్లాసు పట్టుకుని, ఏం జరుగుతుందో చూద్దామని వంగి నిలబడ్డాడు.

కామేశ్వరిది పాతికేళ్ళుగా టైపు మిషను మీద బతికిన చెయ్యి. మిషను మీద ఒక వరస అయిపోగానే, ఎడమచేత్తో పైనున్న పిడిని తోస్తే కాగితం పక్కకు జరిగి కొత్త వరస మొదలవుతుంది. ఆవిడ ఒక వరస టైపు చేసింది. ఎడమచెయ్యి దానంతటది పైకి లేచింది. దారిలో గ్లాసుంది.

హాల్లో ఎవరూ నవ్వలేదు. పైడయ్య పంచె కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కంప్యూటరు వైపు చూశాడు.

"మిషను తన్నిందేటి?"

"కాదండి. నేనే," అంది కామేశ్వరి.

"అయితే పర్వానేదు," అన్నాడు పైడయ్య.

కామేశ్వరిది తణుకు దగ్గర ఒక పల్లె. భర్త సత్యానికి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో గోదావరి దాటి వచ్చి, ఉక్కునగరం క్వార్టర్లో కాపురం పెట్టింది. ఆవిడకున్న జబ్బల్లా ఒక్కటే. దేన్నైనా చూస్తే అది ఎందుకలా ఉందో తెలుసుకోవాలి. కాపురానికొచ్చిన మొదటి నెలలో, ఫ్యాక్టరీ సైరను మోగించేది మనిషా మిషనా అని భర్తను అడిగింది. ఆయనకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక మిషనన్నాడు. ఏ మిషను, ఎక్కడుంటుంది, కరెంటు పోతే ఏం చేస్తుంది అని మూడు రోజులు వరసగా అడిగేసరికి, పాపం ఆయన షిఫ్టు దిగాక ఒక గంట ఆగి, ఫోర్‌మన్‌ని పట్టుకుని కనుక్కొచ్చాడు. సిటీబస్సులో కండక్టరు ఒక బెల్లు కొడితే బస్సు ఆగడమేమిటి, రెండు కొడితే కదలడమేమిటి అని అతన్నే అడిగి, జవాబు వింటూ మూడు స్టాపులు దాటిపోయి వెనక్కి నడిచొచ్చిన సందర్భం కూడా ఉంది. ఆ సంగతి ఆవిడే చెప్పుకుంటుంది.

గాజువాకలో మెయిన్ రోడ్డు మీద, మందుల షాపు పైన ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఎనిమిది మిషన్లు. తొంభై రెండు, తొంభై మూడు ప్రాంతాల్లో పొద్దున్న ఆరింటికి మొదటి బ్యాచి మెట్లెక్కేది. కింద మందుల షాపాయన పైకప్పు కూలుతుందని భయపడి దేవుడి పటం మార్చి మార్చి కట్టేవాడు. లోయర్ పాసైనవాళ్ళు, హయ్యర్ పాసైనవాళ్ళు పోర్టులోనూ ఫ్యాక్టరీలోనూ కుర్చీల్లో కూర్చున్నారు. తర్వాత రోడ్డుకు అటూ ఇటూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేచాయి. రెండువేల ఒకటికల్లా ఎనిమిది మిషన్లకూ రెక్సిను ముసుగులే. ఆవిడ మాత్రం రోజూ వెళ్ళి తాళం తీసి, ముసుగులు దులిపి, మళ్ళీ వేసి, కూర్చుని వచ్చేది.

అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం నాగబాబు మెట్లెక్కాడు. ఇరవై మూడేళ్ళవాడు, పేట యువజన సంఘం సెక్రటరీ. హార్బర్లో మరబోట్ల ఇంజన్లు బాగుచేస్తాడు.

"మేడంగారూ, మా హాల్లోకి కంప్యూటర్లు వత్తన్నాయండి. నేర్పడానికి మనిసి నేడు. మీరొత్తారేటి?"

"నాకు కంప్యూటరు రాదు బాబూ. ఇంతవరకూ ముట్టుకోనైనా లేదు."

"అచ్చరాలు నొక్కీ బల్ల రెండిటికీ ఒకటేనంట కదండి. పైన టీవీ ఉంటది, అంతే."

"దాని లోపల ఏముంటుంది?"

"నాను సూడనేదండి. ఇప్పి సూసుకుందాం."

ఒప్పందం అక్కడికక్కడే కుదిరిపోయింది. జీతం ఊసు ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు.

అయితే హాలు ఊరికే రాలేదు. ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి నలభై ఐదు రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపేస్తుంది. ఆ నెలన్నర వలలన్నీ హాల్లోకి చేరతాయి. అక్కడే విప్పుకుంటారు, అక్కడే బాగుచేసుకుంటారు. హాలంటే పేటలో వలల ఇల్లన్నట్టే. అందుకని సోడా తడి ఆరకముందే పైడయ్య తన షరతు చెప్పేశాడు.

"ఇదిగో టీచరమ్మా. బోట్లు కట్టీసీ యేలకి మీ పిల్లల్లో ఒక్కుడికి, ఒక్కుడికే, ఆపీసులో కుర్సీ దొరికిందనుకో, ఈ హాలు మీదే. మా వలలు మేం ఎక్కడో ఎట్టుకుంటాం. నేదనుకో, కంపూటర్లు బైటికి, వలలు లోపలికి. మాట మాటే."

"అలాగేనండి," అంది కామేశ్వరి.

అన్నదే గానీ, ఆ మాట ఆవిడకు ఎంత దూరం పోయిందో పైడయ్యకు తెలియదు. దసరా వెళ్ళగానే ఆవిడ గాజువాక గదులు ఖాళీ చేసేసింది. ఇక మిగిలింది ఈ హాలొక్కటే. అది కూడా పోతే పాతికేళ్ళ తర్వాత ఆవిడ మొదటిసారి టీచరుగారు కాకుండా పోతుంది. ఉట్టి సత్యంగారి భార్య. ఆయన మంచివాడే, కానీ ఆ ఉద్యోగంలో తెలుసుకోవలసిందంతా ఆవిడ ఎప్పుడో తెలుసుకుంది.

క్లాసులో పదకొండు మంది చేరారు. కంప్యూటరున్న గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదని అప్పట్లో ఊరంతా నమ్మకం. గుమ్మం బయట పదకొండు జతలు వరసగా ఉండేవి. కామేశ్వరి పేవ్‌మెంటు మీద ఒక పాత కంప్యూటరు పుస్తకం కొనుక్కుని, ఉక్కునగరం నుంచి బస్సులో వస్తూ ఒక పాఠం చదివి, దిగగానే అదే పాఠం చెప్పేసేది. బస్సు తొందరగా వచ్చిన రోజున పాఠం సగమే ఉండేది.

పుస్తకంలో లేనివి టైపు మిషను నుంచి తెచ్చుకుంది. నిటారుగా కూర్చోవాలి, చూపు కాగితం మీదుండాలి, వరస చివరికి రాగానే ఎంటర్ నొక్కి కొత్త వరస మొదలుపెట్టాలి. టైపు మిషనుకైతే వరస చివరికొస్తోందని చెప్పడానికి చిన్న గంట మోగుతుంది. కంప్యూటరుకు ఆ గంట లేకపోవడం ఆవిడకు పెద్ద లోటుగా తోచింది. స్టీలు గ్లాసూ స్పూనూ తెచ్చుకుని, పిల్లల వెనక తిరుగుతూ, ఎవరి వరస చివరికొస్తే వాళ్ళ చెవి దగ్గర తానే టింగుమనిపించేది. నాలుగు మిషన్లూ ఒకేసారి నడుస్తుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు హాల్లో పూజ జరుగుతోందనుకుని ఒకటి రెండుసార్లు లోపలికి తొంగిచూశారు కూడా.

ఆ పదకొండు మందిలో ఆశ అని పందొమ్మిదేళ్ళ పిల్ల. ఇంటరు పాసైంది. వాళ్ళమ్మ పోతమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతుంది. నవంబరులో ఒకరోజు ఆశ చెయ్యెత్తింది.

"టీచరుగారూ, ఇందాక నాను ఎంటర్ కొట్టడం మరిసిపోయినాను. అయినా అచ్చరాలు వాటికవే కింద వరసలోకి దిగిపోయినాయి. మరి మనం కొట్టడం దేనికండి?"

సైరను సంగతి కోసం మూడు రోజులు మొగుణ్ణి పీడించిన మనిషి, ఇలాంటి ప్రశ్నకు పండగ చేసుకోవాలి. కానీ టీచరు కుర్చీలో కూర్చుంటే మనుషులకు ఏమవుతుందో తెలియదు. పైగా ఆ పూట బస్సు తొందరగా వచ్చింది.

"మిషను ఏదో పొరపాటు చేస్తే మనమూ చేస్తామా అమ్మా? కొట్టు," అంది, గ్లాసు మీద టింగుమనిపించి.

ఆశ కొట్టింది.

జనవరిలో నాగబాబు కబురు తెచ్చాడు. పోర్టు గేటు దగ్గర ఓడల సరుకుకు కాగితాలు నడిపించే ఏజెంటు ఆఫీసు ఒకటుంది, అక్కడ కంప్యూటరు మీద ఉత్తరాలూ బిల్లులూ కొట్టేవాళ్ళు కావాలట, పరీక్ష పెడతారట. ఆరుగురు వెళ్ళారు. నేర్పినట్టే, ఆరుగురూ చెప్పులు ఆఫీసు గుమ్మం బయట వరసగా విడిచి లోపలికి నడిచారు. వాచ్‌మన్ ఆ చెప్పులు చూసి లోపల ఎవరో పోయారనుకుని, టోపీ తీసి నిలబడ్డాడు. అదొక్కటే అయితే నవ్వుకుని మరిచిపోయేవాళ్ళే.

ఆ ఆఫీసు మేనేజరు గవర్రాజు. చేతిరాతలో ఉన్న ఒక ఉత్తరం ఇచ్చి టైపు చెయ్యమన్నాడు. ఆరుగురూ టకటకా కొట్టేశారు, ఒక్క తప్పు లేదు. ఆయనకు ముచ్చటేసింది. అప్పుడు, ఇదే ఉత్తరాన్ని మా కంపెనీ పేరున్న సన్న కాగితానికి సరిపెట్టండి అన్నాడు. సరిపెట్టారు. వెంటనే ఉత్తరం విరిగిపోయింది. ఒక పొడుగు వరస, దాని కింద రెండు ముక్కల పొట్టి వరస, మళ్ళీ పొడుగు, మళ్ళీ పొట్టి. ఆరుగురివీ ఒకేలా విరిగాయి. ఆయన ఆరు కాగితాలూ పక్కపక్కన పరుచుకుని చాలాసేపు చూశాడు. "ఎవరమ్మా మీకు నేర్పింది?" అని మాత్రం అడిగాడు. పిల్లలు గర్వంగా పేరు చెప్పారు.

ఎవరికీ ఉద్యోగం రాలేదు.

మర్నాడు కామేశ్వరి ఒక్కత్తే ఆ ఆఫీసుకు వెళ్ళింది. సిగ్గుపడదామనే వెళ్ళింది, అందుకు కావలసిన మాటలు కూడా బస్సులో అనుకుంది.

"పిల్లలది తప్పు లేదండి, నేర్పింది నేను. ఉత్తరం ఎందుకు విరిగిందో నాకు చూపిస్తారా?"

గవర్రాజు తన కుర్చీలోనే ఆవిడను కూర్చోబెట్టాడు. "వరస చివర ఏమీ నొక్కకండి. అలా కొట్టుకుంటూ పోండి," అన్నాడు.

ఆవిడ కొట్టుకుంటూ పోయింది. వరస చివర పట్టని మాట గబుక్కున కిందికి దిగి కొత్త వరసలో కూర్చుంది. ఆవిడ చేతులు ఆపి చూసింది. చెరిపేసి మళ్ళీ కొట్టింది. మళ్ళీ దిగింది. పొడుగు మాట దిగుతుందా అని చూసింది, దిగింది. పొట్టి మాట ఎంతవరకూ ఆగుతుందో చూసింది. అంచు కుడికి జరిపితే అన్ని వరసలూ ఒకటికొకటి చోటిచ్చుకుంటూ సర్దుకున్నాయి. రద్దీ బస్సులో ఇంకొకరు ఎక్కితే జనం సర్దుకున్నట్టు.

"దీనికి ఎవరు చెప్పారండి, ఈ మాట ఇక్కడ పట్టదని?"

"అదే లెక్క చూసుకుంటుందండి."

"ప్రతి అక్షరానికీ చూసుకుంటుందా? మనం కొట్టే లోపల?"

గవర్రాజు పన్నెండేళ్ళుగా ఆ కంప్యూటర్ల మధ్య బతుకుతున్నాడు, ఎప్పుడూ ఆ ఆలోచన రాలేదు. గంటంపావు గడిచింది. ఆయన కుర్చీ ఆయనకు దొరకలేదు. సిగ్గుపడదామని వచ్చినావిడ ఆ సంగతే మరిచిపోయింది. లేవబోయే ముందు ఎందుకొచ్చిందో గుర్తొచ్చి, "ఇంకొక్క అవకాశం ఉంటుందాండి?" అని అడిగింది.

"మార్చి నెలాఖరులో ఒక్క ఖాళీ వస్తుంది. ఒక్కటే. పంపండి, చూస్తాను," అన్నాడాయన. "చెప్పులు మాత్రం విడవొద్దనండి. మా వాచ్‌మన్ ఇంకా తేరుకోలేదు."

సాయంత్రం హాల్లో పదకొండు మందినీ నిలబెట్టింది. పైడయ్య వలల కోసం గోడలు కొలుచుకుంటున్నాడు. పరీక్ష పోయిందని వినగానే ఆయన తాడు పట్టుకుని వచ్చేశాడు. పోతమ్మ ఖాళీ తట్టతో, కూతుర్ని ఇంటికి తీసుకెళ్ళడానికి గుమ్మంలో ఆగింది.

"ఇన్నాళ్ళూ మీకు తప్పు నేర్పానమ్మా," అంది కామేశ్వరి. "వరస చివర ఎంటర్ అక్కర్లేదు. ఆశ నవంబరులోనే అడిగింది. నేను దాని నోరు మూయించాను."

ఆశ నేలచూపులు చూసింది. పైడయ్య కొలత తాడు చుట్టడం ఆపాడు.

"అంటే ఇన్నెలలూ తప్పే నేర్పినావేటి?"

"అవునండి."

"మరి ఆ మాట మాకెందుకు సెప్తన్నావు? సెప్పకపోతే మాకు తెలిసీదేటి?"

"తెలిసేది కాదండి."

గుమ్మంలోంచి పోతమ్మ అందుకుంది.

"ఏం బావా, మొన్న నువ్వు వల తిరగేసి కట్టినావని నవ్వినారంతా. ఇప్పి మళ్ళీ కట్టినావా, సంద్రంలో పారేసినావా?"

"ఇప్పి కట్టినాను. గానీ నా యేళ్ళు రెండ్రోజులు తప్పే కట్టినాయి. ఈళ్ళ యేళ్ళు ఎన్నాళ్ళకి మారతాయో, వేట ఆగీది దగ్గరకొచ్చేసింది."

వేళ్ళ సంగతి ఆయనకు బాగా తెలుసు. మర్నాడు పదకొండు మందీ ఎంటర్ నొక్కుతూనే ఉన్నారు. నొక్కి, నాలిక కరుచుకుని, చెరిపి, మళ్ళీ వరస చివర నొక్కేవారు. కామేశ్వరి తన చెయ్యి చూసుకుంది, అదీ నొక్కుతోంది. గ్లాసూ స్పూనూ ఇంటికి తీసుకుపోయింది. అయినా చెవుల్లో మోగుతోందన్నారు పిల్లలు. మూడో రోజు నాగబాబును పిలిచింది.

"ఈ ఎంటర్ మీటలు ఊడతాయా బాబూ?"

నాగబాబు ఇంజన్ల స్క్రూడ్రైవరు తెచ్చి, నాలుగు కంప్యూటర్లలోనూ ఆ ఒక్కొక్క మీటనూ పైకి లేపి ఆవిడ చేతిలో పెట్టాడు. కింద సముద్రపు ఉప్పూ, ఒక చేప పొలుసూ ఉన్నాయి. పొలుసు ఎలా వచ్చిందో ఆవిడ ఓ పావుగంట ఆలోచించింది. తర్వాత నాలుగు మీటల్నీ కొంగుకు ముడేసుకుంది.

ఎంటర్ కావాలంటే లేచి టీచరుగారి దగ్గరకు రావాలి. ఎందుకో చెప్పాలి. "కొత్త పేరా మొదలౌతందండి" అంటే ముడి విప్పి ఒక మీట ఇచ్చేది. అది పట్టుకెళ్ళి తగిలించి, ఒక్కసారి నొక్కి, ఊడదీసి తిరిగిచ్చెయ్యాలి. "వరస అయిపోయిందండి" అన్నవాళ్ళు తలొంచుకుని వెనక్కి వెళ్ళేవారు. ఒకడు అగ్గిపుల్లతో ఖాళీ చోట పొడిచి పట్టుబడ్డాడు. అగ్గిపెట్టె కూడా కొంగుముడిలోకి వెళ్ళింది. ఒక రోజు ఆ ముడి విప్పడం మరిచిపోయి ఉక్కునగరం వెళ్ళిపోయింది. సత్యం మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళబోతూ, మిక్సీ పక్కన నాలుగు ఎంటర్లు చూసి, "ఇవేంటే, పోపులోకా?" అన్నాడు. ఆవిడ వాటిని పట్టుకుని మళ్ళీ బస్సెక్కింది.

అలా మూడు వారాలకు వేళ్ళు దారికొచ్చాయి. అంతకంటే ముఖ్యమైంది ఇంకొకటి జరిగింది, అది ఆవిడ అనుకోనిది. ఎందుకో చెప్పడం అలవాటైన పిల్లలు ఎందుకని అడగడం మొదలుపెట్టారు. ఉత్తరంలో తేదీ పైనే ఎందుకుండాలి, సంతకం కింద పేరు మళ్ళీ ఎందుకు, మనిషి ఎదుటే ఉంటే ఉత్తరం ఎందుకు. ఆవిడకు తెలిసినవి చెప్పేది. తెలియనివి ఆశ ఒక పుస్తకంలో రాసుకుంటే, వారానికోసారి కామేశ్వరి పోర్టు ఆఫీసుకు ఫోన్ చేసి గవర్రాజును అడిగేది. ఆయన మొదట్లో విసుక్కున్నా, తర్వాత తర్వాత శనివారం ఫోను కోసం ఎదురుచూసేవాడని వాచ్‌మన్ చెప్పాడు.

ఇంటర్వ్యూ కూడా సాధన చెయ్యాలి కదా, ఆఫీసరుగా ఎవరు కూర్చుంటారని వెతికితే, పేటలో ఎదటివాణ్ణి బెదరగొట్టగల మొహం పైడయ్యది. ఆయన్ను బతిమాలి బల్ల వెనక కూర్చోబెట్టారు. ఆయన చొక్కా పై గుండీ పెట్టుకుని వచ్చాడు.

"ఎవురి కూతురివి?" అన్నాడు ఆశతో.

"నీకు తెల్దేటి పెదనాన్నా?"

"నాను పెదనాన్నని కాదు, ఆపీసర్ని. సెప్పు."

"పోతమ్మ కూతుర్నండి."

"మీ అమ్మ మా ఇంటికాడ పట్టుకెళ్ళిన తట్ట ఇంకా తిరిగి తేనేదు. ఏటి కారణం?"

"పైడయ్యగారూ," అంది కామేశ్వరి, "పని గురించి అడగాలండి."

"ఆపీసరికి తట్ట పోతే అడగడేటి?"

తట్ట మర్నాడు తిరిగొచ్చింది. పైడయ్య కూడా మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. వారం తిరిగేసరికి గోడలు కొలవడం తగ్గింది, ప్రశ్నలు పెరిగాయి. కానీ షరతు గురించి ఎవరైనా కదిపితే మాత్రం, "మాట మాటే. వలలు వానకి తడిత్తే నువ్వు తినిపిత్తావేటి మా పిల్లలికి," అనేవాడు. అందులో తప్పేముందని కామేశ్వరి కూడా ఒప్పుకునేది. వలలు ఆ పేట తిండి.

మార్చి ఇరవై ఎనిమిదిన ఆశను పంపారు. ఒక్క ఖాళీకి ఆ ఒక్క పిల్లనే పంపాలని పదకొండు మందీ చీటీల మీద పేరు రాసి వేసి మరీ తేల్చుకున్నారు. ఆశ చెప్పులతోనే లోపలికి వెళ్ళింది. గవర్రాజు ఉత్తరం ఇచ్చాడు. ఆ పిల్ల మీట నొక్కకుండా ఆయన మొహంలోకి చూసింది.

"ఏ సైజు కాయితం మీద అచ్చేత్తారండి ఇది?"

ఆయన నవ్వుకుని, ఆమె టైపు చేశాక కాగితం మూడుసార్లు మార్చి చూశాడు. ఉత్తరం విరగలేదు. ఏప్రిల్ ఒకటి నుంచి రమ్మన్నాడు, కానీ నెలరోజులు చూసి అప్పుడు ఖాయం చేస్తానన్నాడు.

పేటలో సందడైంది గానీ పైడయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "నెల సూత్తానన్నాడంటే కుర్సీ ఇంకా ఆడిదే. పిల్లది కాదు. కుర్సీ అంటే కుర్సీ." ఏప్రిల్ పదిహేను వచ్చింది. బోట్లు కట్టేశారు, వలలు దిగాయి. పైడయ్య కాసేపు హాలు గుమ్మంలో నిలబడి, లోపల పదిమంది వంతులేసుకుని టైపు చేస్తుంటే చూసి, వలల్ని వరండాలో వేయించి పైన టార్పాలిన్ కప్పించాడు. "నెలాకరు దాకానే," అన్నాడు. ఏ పక్క మబ్బు పట్టినా కామేశ్వరి గుండె ఆ టార్పాలిన్ మీదే ఉండేది. ఒక్క పెద్ద వాన కురిస్తే వలలు లోపలికి రావలసిందే.

ఆశ రోజూ సాయంత్రం హాలుకు వచ్చి ఆఫీసు సంగతులు చెప్పేది. ఆ చివరి వారం మాత్రం ముక్తసరిగా చెప్పి వెళ్ళిపోయింది. "ఏమన్నారమ్మా మేనేజరుగారు?" అంటే, "ఏటీ అన్రండి. నన్ను సూసి నెత్తి పట్టుకుంటన్నారు," అంది.

ఏప్రిల్ ఇరవై తొమ్మిది మధ్యాహ్నం, హాలు పక్క కిరాణా కొట్టుకు ఫోనొచ్చింది. టీచరుగారి కోసమని. నాగబాబు పరిగెత్తుకొచ్చి చెప్పాడు. కామేశ్వరి వెళ్ళేసరికి వల బాగుచేస్తున్న పైడయ్య సూదిని వలలోనే గుచ్చి వెనకాలే వచ్చాడు. ఆ వెనక పదిమంది. తెప్పల మీదొచ్చిన కాసిని చేపలూ అమ్ముడైపోయి ఇంటికొస్తున్న పోతమ్మ తట్ట దింపి నిలబడింది. కొట్టువాడు బెల్లం తూస్తూ ఆపేశాడు.

"మేడంగారూ, గవర్రాజునండి. మీ అమ్మాయి సంగతి మాట్లాడాలి."

"చెప్పండి."

"ఇప్పుడే తన ఉద్యోగం ఖాయమైన ఆర్డరు తన చేతే టైపు చేయించానండి. బాగానే కొట్టింది."

కామేశ్వరి రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఖాయమైందట," అంది. పోతమ్మ కొంగుతో తట్ట అంచు తుడిచింది. పైడయ్య నాగబాబు వైపు తిరిగి, "ఇంకా ఏటి సూత్తన్నావు, ఆ వలలు మా పెరట్లోకి మోయించు," అన్నాడు.

ఫోనులో గవర్రాజు ఆగలేదు.

"ఆర్డరు కొట్టింది సరే, కొట్టి, ఇందులో మూడో పేరా ఎందుకండీ అని అడిగింది. ఎందుకో నాకూ తెలియదు, ముందునుంచీ వస్తోంది. నిన్న మా హెడ్‌క్లర్కును, ఈ ఫారంలో ఈ గడి ఎవరు చదువుతారండీ అని అడిగింది. పదిహేనేళ్ళ నుంచి నింపుతున్నాడాయన. కస్టమ్స్‌కు ఫోన్ చేసి కనుక్కుంటే ఎవరూ చదవరట. మనిషి నిన్నట్నుంచీ మంచినీళ్ళు కూడా తాగట్లేదు. రోజుకు ఇరవై ప్రశ్నలండి. నేను జవాబులు చెప్పుకోవాలా, ఓడలు పంపించుకోవాలా? మీరే కాస్త చెప్పండి మేడమ్, ఈ పిల్ల ఇక ముందు కూడా ఇలాగే అడుగుతుందా?"

"ఇంకా కొత్త కదండీ, మొహమాటపడుతోంది," అంది కామేశ్వరి, "నెల నిండాక బాగా అడుగుతుందండి."